నలభై ఒక్క తాళంచెవులు

తాళంచెవుల గుత్తి ఇంకా నా దగ్గరే ఉంది.
తిరిగిమ్మని ఎవరూ అడగలేదు.
ఇప్పుడక్కడ తలుపులన్నీ ఒక ప్లాస్టిక్ కార్డుకే తెరుచుకుంటాయట.

నలభై ఒకటి. లెక్కపెడుతుంటాను, జపమాల తిప్పినట్టు,
ఈరీ సరస్సు గాలి
ముసలి సిస్టర్ల అంతస్తు కిటికీల్ని
పట్టి ఊపే రాత్రుల్లో.

పొడుగాటి ఇత్తడిది బడి మూడో అంతస్తుది.
ఇరవై ఆరుగురం పడుకున్న గదులవి.
నేను ప్రిన్సిపాల్ అయ్యేనాటికి తొమ్మిదిమందిమి.
దిగిపోయేనాటికి నేనూ, సిస్టర్ వాలెంటినా, ఆవిడ దగ్గూ.
ఆ గోడలు కొట్టించి కంప్యూటర్లు పెట్టించింది నేనే.
సిలువలు దించిన చోట మరకలు తెల్లగా ఉండిపోయాయి,
రెండు కోట్లు రంగేసినా ఏటవాలు ఎండకి బయటపడేవి.
ఆ సంగతి పెయింటర్‌కీ నాకూ తెలుసు.
మేం దాని గురించి మాట్లాడుకోలేదు.

ఉక్కు మిల్లు మూతపడ్డ ఏడు
తపస్సు కాలమంతా శుక్రవారాలు చేపల వేపుడు అమ్మాం.
నా ముసుగుకి పట్టిన నూనెవాసన ఈస్టర్ దాటినా వదల్లేదు.
బింగో కూడా ఆడించాం. ప్రభువు మన్నించాలి,
అంకెలు నేను భలే అరిచేదాన్ని.
ఫీజుకి బదులు బాయిలర్ బాగుచేస్తానని వచ్చాడు బొగ్దాన్ డుడెక్.
చేశాడు. ముగ్గురు కూతుళ్లూ గట్టెక్కారు.
ఆ బాయిలర్ ఇంకా మూలుగుతోందని విన్నాను.

తర్వాత బిషప్ గారి ఉత్తరం, ఒకే ఒక్క పేజీ.
రెండు బళ్లూ ఒకటి కావాలి. ఆడపిల్లల బడిలోకి మగపిల్లలు.
పాత విద్యార్థినులు నన్ను యూదా అన్నారు.
ఒకావిడ కవర్లో ముప్ఫై నాణేలు పంపింది,
అన్నీ పది సెంట్లవే.
మూడు డాలర్లు. లైబ్రరీ డబ్బాలో వేశాను.
మొదటిరోజు వచ్చిన సమస్య వేదాంతం కాదు, మరుగుదొడ్లు.
చొక్కాల రంగు మీద మూడు వారాలు తగువు:
వాళ్ల మెరూనా, మా నీలమా?
చివరికి ఆకుపచ్చ అన్నాను. ఒక్కరికీ నచ్చలేదు.
అందుకే నిలిచిందేమో.

ఈ చిన్నదాన్ని లెక్కలోంచి దాటేద్దామని చూస్తాను.
దాటదు.
లాటిన్ గది.
మిస్ ఒబెర్మాయర్. ముప్ఫై ఒక్కేళ్లు. ఆఖరికి నలుగురు పిల్లలు.
పదిహేనేళ్ల నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టి
క్రియాపదాలు వల్లె వేయించింది ఆవిడే.
ఎదురుగా చెప్పే ధైర్యం చాలక ఉత్తరం రాశాను.
మర్నాడది నా బల్ల మీదికి తిరిగొచ్చింది,
రెండు తప్పులు ఎర్రసిరాతో దిద్ది.
కింద సంతకం. అంతే.

అదే ఏడు జిమ్‌కి కొత్త చెక్క నేల వేయించాను.
ఆ చెక్క ఖరీదు ఆవిడకి నాలుగేళ్ల జీతం.
పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను.
"అది పాపం కాదు సిస్టర్, పరిపాలన" అన్నారు ఫాదర్.
పాపం కాదన్నారు గనక పరిహారమూ ఇవ్వలేదు.
అలాగే మిగిలిపోయింది, చిల్లర మార్చని నోటులా.

పోయిన మంగళవారం
సేవా గంటల కోసం ఒక పిల్ల వచ్చింది, డేకా అని.
తలకి స్కార్ఫ్, కాళ్లకి మంచు బూట్లు, ఒంటిమీద ఆ ఆకుపచ్చ.
నా కుర్చీ తోస్తూ "ఈ దిక్కుమాలిన రంగు
ఎవరు ఎంచారో గానీ" అంది.
నేను నీళ్లు నమిలాను.
ఎవరో ముసలమ్మ అయ్యుంటుందన్నాను.
పకాలున నవ్వింది. దుప్పటి మోకాళ్ల మీదికి లాగింది.
ఒళ్లో గుత్తి చూసి, ఇవన్నీ ఏ ఇంటివని అడిగింది.

మీ బడివేనని నాలిక చివరిదాకా వచ్చింది.
ఈలోగా ఆ పిల్ల బస్సు టైమైంది.